దానియేలు తొలి పనసపండు

ఈ రోజు పొద్దున్న నేనూ నా స్నేహితుడు దానియేలూ పలాస అవతల బోడికొండ ఎక్కాం. పైన బల్లలా చదునుగా ఉంటుంది. నీడకి ఒక్క చెట్టు లేదు, సిమెంటు సిలువ మాత్రం ఉంది.

తుఫానులో తోటంతా పోయాక దానియేలు నాటిన పనస ఈ ఏడే మొదటిసారి కాసింది. తొలి పండు సిలువ దగ్గర పెట్టి ప్రార్థన చేశాకే ఇంట్లో కోస్తానని దేవుడికి మాటిచ్చాడట. బాగా ముగ్గిన పండు. గోనెసంచిలో వేసి భుజాన మోసుకొచ్చాడు. దాని వాసన కొండంతా కొట్టింది.

సిలువ కాస్త దూరం ఉందనగా బండల వెనక నుంచి ఎలుగుబంటి వచ్చి సంచి మీద పడింది. వదిలెయ్యమని అరిచాను. దానియేలు వదల్లేదు. అది అతని చేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా చీల్చింది. తొడ కరిచి ఈడ్చింది. చేతికందిన రాయల్లా దాని మూతి మీదకి విసిరాను. ఒకటి కంటికి తగిలి రక్తం కారింది. అప్పుడు సంచి లాక్కుని కిందికి పోయింది.

ఆసుపత్రిలో కుట్లు వేస్తుంటే తిట్టాను. "పండు కోసం పేనం తీసుకుంటావేటి?"

"దేవుడికిత్తానన్నది ఎలుగుకెలాగిత్తాను బావా?" అన్నాడు పళ్లు బిగించుకుని.

అంతవరకూ ఏడుస్తున్న వాళ్లావిడ కళ్లు తుడుచుకుని, మంచం పక్కనున్న పాస్టరుగారి వైపు తిరిగింది.

"సెట్టుకి ఇంకోటుందండి. ఈసారి మీరు మొయ్యండి."

పాస్టరుగారు వెంటనే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. నేను ఇంటికి బయల్దేరేసరికి ఆమెన్ ఇంకా రాలేదు. పండు మోసేవాళ్లెవరైనా ఉంటే కింద కామెంట్లలో చెప్పండి.