చిలుక తీసిన నక్క

నడిపయ్యకు ఎవరి మీదా నమ్మకం లేదు. ఆర్మూర్‌లో పసుపు అమ్మే గంజ్ గేటు పక్కన గోనెపట్టా పరుచుకుని చిలుక జోస్యం చెప్పే ఆయన, తన చిలుకను కూడా నమ్మేవాడు కాదు. పంజరం తలుపు తీసే ముందు దాని మొహంలోకి చూసి, "ఏం కథ పడుతున్నవే ఇయ్యాల?" అని గద్దించేవాడు.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, ఎండాకాలం, ఆయన దేవుళ్ళ కార్డులను ఎలుకలు కొరికేశాయి. మైదాతో అట్టలకు అంటించిన బొమ్మలు కదా, రాముణ్ణీ వదల్లేదు, లక్ష్మినీ వదల్లేదు. బొంబాయికి పసుపు లారీ తోలే నసీర్ ఆ సంగతి విని, మళ్ళీ వచ్చినప్పుడు ఒక చిన్న డబ్బా చేతిలో పెట్టాడు. పాత సామాన్ల బజారులో దొరికిందట.

నడిపయ్య డబ్బా విప్పి కార్డులన్నీ గోనె మీద పరిచాడు. పులి, గుడ్లగూబ, తాబేలు, నక్క, కడుపు సంచిలో పిల్లను పెట్టుకుని నిలబడ్డ ఏదో జంతువు. దేవుడన్నవాడు ఒక్కడూ లేడు. ఎటు జరిగినా వాటి కళ్ళు తన వైపే చూస్తున్నట్టనిపించింది.

"గిదేం జీవి, నసీర్ భాయ్?"

"నాకేమెరుక అన్నా? బొంబాయిల గీటితోని కిస్మత్ చూస్తరంట. దుకాణపాయన మతలబులు గూడ చెప్పిండు. పులి అంటే కొలువు. తాబేలు అంటే జర ఆగుమని. నక్క అంటే దగా."

"గాయన నిన్నే దగా చెయ్యలేదని ఏం నమ్మకం?"

"నమ్మకు. ఇటియ్యి, మా పోరగాండ్లు ఆడుకుంటరు."

నడిపయ్య ఇవ్వలేదు. వేరే దిక్కూ లేదు. గంజ్ హమాలీలు మాత్రం వదల్లేదు. "ఏందే, మనుషులకు చెప్తున్నవా, గొడ్లకు చెప్తున్నవా?" అని బస్తాల కింద నుంచే నవ్వారు.

ఆ కార్డులకు మొదట వచ్చిన మనిషి గంగామణి. భర్త లేడు. బావి కింద ఎకరం చెలక, అదే ఆమెకు కూడు. గట్టు పక్క రైతు భూమయ్య పొత్తుకు అడుగుతున్నాడు. విత్తనం, ఎడ్లు అతనివి, భూమి, నీళ్ళు ఆమెవి, పంట చెరిసగం. పసుపంటే తొమ్మిది నెలల పంట. కుళ్ళిన విత్తనం పడితే పసుపూ రాదు, భూమి దానికే పోయింది కనుక ఆ ఏడు తిండికి మక్కజొన్నలూ ఉండవు.

చిలుక బయటికొచ్చి అటూ ఇటూ తిరిగి నక్కను లాగింది.

దగా అనే మాట నడిపయ్య నాలుక చివరిదాకా వచ్చింది. గంగామణి మొహం మాత్రం వెలిగిపోయింది.

"నక్కనా! పొద్దుగాల నక్క ఎదురైతే పట్టిందల్ల కలిసొస్తదని మా అవ్వ చెప్పేది. ఇగ భూమయ్యకు సరే అంట," అని కొంగు దోపుకుని లేచింది.

"కూసో అక్కా. గీ నక్క మనది గాదు, బొంబాయిది. ఆడ దీన్ని దగా అంటరట."

"ఆర్మూర్ల కూసొని బొంబాయి జోస్యం చెప్తవా? ఏదో ఒక్కటి చెప్పు."

దేవుళ్ళ కార్డులైతే వచ్చినవాళ్ళ మొహం చూసి చెప్పేవాడు. ఇప్పుడు తన మొహమే తనకు తెలియడం లేదు. భూమయ్య ఎలాంటివాడో ఎరగడు. అనుమానం కార్డులోంచి వస్తోందా, పుట్టుకతో తనలో ఉన్నదేనా?

"నక్క మంచిదో చెడ్డదో నాకెరుకలేదు," అన్నాడు చివరికి. "గని కోళ్ళగూడు తలుపేసుకుంటే నక్క ఎసొంటిదైతే నీకేంది? విత్తనం నీ ముందటనే పెట్టుమను. నీ చేతులతోని విరిచి చూసినంకనే సరే అను."

సాయంత్రానికి భూమయ్య వచ్చి గోనెపట్టా అంచు తొక్కి నిలబడ్డాడు. "నా మొకం నీకు నక్క లెక్క కనవడ్తున్నదా?"

"తీసింది చిలుక, నేను గాదు."

"విత్తనం విరిచి చూసే పొత్తు నాకొద్దని ఆమెకు చెప్పొచ్చిన."

ఎడ్లు లేని ఆడమనిషి. ఉన్న ఒక్క ఆసరాను తానే తెంపాడేమో అనుకున్నాడు నడిపయ్య.

"చూడనిస్తే నీదేం పోతది భూమయ్యా? మంచిదైతే ఆమెనే నలుగురిల చెప్తది."

"మంచిది గాకుంటే?"

"అది నాకంటె నీకే ఎరుక."

భూమయ్య గోనెపట్టా దిగి వెళ్ళిపోయాడు.

మిరుగం కార్తె తొలకరి వానలు పడ్డాక నడిపయ్య గోనెపట్టా చుట్టేసి గంగామణి చెలకకు నడిచాడు. భూమయ్య మళ్ళీ పొత్తుకు ఒప్పుకున్నాడని ఇంకొకరు చెప్తే నమ్మే మనిషి కాడు మరి. భూమయ్య ఎడ్లు సాళ్ళు తీస్తున్నాయి. గంగామణి గట్టు మీద కూర్చుని విత్తనపు కొమ్మును పుటుక్కున విరిచి, వాసన చూసి, గంపలో వేస్తోంది. లోపల నల్లబడ్డవి పక్కకు విసురుతోంది. ఆ కుప్ప మరీ చిన్నదేం కాదు.

భూమయ్య నాగలి ఆపి ఆ కుప్ప వైపు చూశాడు. "అడుగున తడి తగిలినట్టుంది వదినె. నాకెరుకలేదు."

గంగామణి తలెత్తి చాలాసేపు అతని మొహం చూసింది. నడిపయ్య కూడా చూశాడు. నిజమో అబద్ధమో ఇద్దరికీ అందలేదు.

"ఎరుకలేదేమో," అంది ఆమె. "ఇంకో గంప పట్టుకరా."