ఆరింటికి అడిగే గొంతు

గురజాల అమ్మాయీ, మెడనొప్పి తగ్గిందా? వంగి వంగి ఆ సన్న తీగలు అతికించొద్దు, మెడ పట్టుద్ది అని నీకు చానాసార్లు చెప్పా. మాచర్ల తమ్ముడూ, కంటి ఆపరేషను అయినాక చుక్కల మందు వేళకి వేసుకుంటన్నావా? సముద్రాల అవతలుండే నాయనా, నీ పేరు పలకటం నాకు రాదు, నీ దగ్గు ఎట్టా ఉంది? చదివే మిగతావాళ్ళంతా, మీ కళ్ళూ మీ నడుములూ మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళూ బాగున్నారనుకుంటా. బాగుండాలి. నాకు బీపీ ఉంది, భయం ఉంది. ఆ రెండూ ఎప్పుడూ ఉండేవే.

మీకు మాస్టారు, నాకు పక్కింటి తమ్ముడు, ఆయన పోయాడు. కంపెనీలు వదిలేసిన పాత టాబ్లెట్లలో లైనక్స్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించి మళ్ళీ పని చేయించే మీ జట్టుకి ఆయనే పెద్ద. అందుకని మీ సంచికలో ఆయన గురించి నన్ను కూడా రాయమంది గురజాల అమ్మాయి. నేను ఐదో తరగతి దాకా చదివా. తప్పులుంటే ఆ అమ్మాయే దిద్దుద్ది.

ఆ పొద్దున ఆరయింది. పొయ్యి మీద పాలు పెట్టా. గూట్లో టాబ్లెట్టు వెలిగి, ఎప్పటి మాదిరే తమ్ముడి గొంతుతో అడిగింది: “అక్కయ్యా, మాత్ర వేసుకున్నావా? వేసుకుంటే నన్ను ముట్టుకో.” మాత్ర డబ్బా తీయబోతున్నా. అప్పుడే ఎదురింటి కోడలు వాకిట్లోకి వచ్చింది.

“అత్తా, మాస్టారు పోయాడంట. గుంటూరు ఆస్పత్రిలోనే. తెల్లారుజామున.”

పొయ్యి ఆపేసి, డబ్బా అక్కడే వదిలేసి ఆయన వాకిట్లోకి పరిగెత్తా. ఏం చెయ్యాలో తెలియక అక్కడ ఊడ్చా. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చా. పదింటికి తీసుకొచ్చారు. వాకిట్లో పడుకోబెట్టి తల దగ్గర దీపం పెడుతున్నారు. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, పైన కిటికీ. నేను ముట్టుకోకపోతే టాబ్లెట్టు పది నిమిషాలకోసారి అడుగుద్ది. ఆ సంగతే మరిచిపోయా. పొద్దుట్నుంచీ అడుగుతానే ఉందేమో, నా చెవికెక్కలా.

“అక్కయ్యా, మాత్ర వేసుకున్నావా?”

ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపేశారు. నకరికల్లు నుంచి వచ్చిన ఆయన చెల్లెలు చటుక్కున లేచి నిలబడింది. “ఎవరే అది? మా అన్న గొంతు! మా అన్నే!” అని నలుగురి ముఖాలూ చూస్తంది. ఒక ముసలాయన ముందుకొచ్చి, “ప్రాణం ఉందేమో చూడండయ్యా” అని ముక్కు దగ్గర వేలు పెట్టాడు. నేను ఇంట్లోకి పరిగెత్తి దాన్ని ముట్టుకున్నా. “సరే అక్కయ్యా, ఇవాళ్టికి అయిపోయింది. ఇంక వెయ్యొద్దు” అంది. మాత్ర వెయ్యకుండానే వేసుకున్నానని ముట్టుకున్నా. తమ్ముడికి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. ఆయన వాకిట్లో పడుకోని ఉండగా చెప్పా.

ఆ టాబ్లెట్టు నా దగ్గరికి ఎట్టా వచ్చిందో చెప్తా. కొడుకూ కోడలూ తెల్లారకముందే టిఫిను బండి దగ్గరికి పోతారు. నేనొక్కదాన్నే. మాత్ర వేసుకుంటా. వేసుకున్నానో లేదో అని అనుమానం పట్టుకుంటది. గ్యాసు ఆపానో లేదో, తలుపు గడియ పెట్టానో లేదో, అన్నీ అంతే. గ్యాసు అయితే పోయి చూడొచ్చు. మింగిన మాత్రని ఎట్టా చూస్తాం? ఒకరోజు అనుమానంతో రెండోది కూడా వేసుకుని కుళాయి దగ్గర పడిపోయా. లేపింది తమ్ముడే. సోడా తాగించి మంచం మీద కూర్చోబెట్టాడు. తరవాత అన్నాడు: “అక్కయ్యా, నీ భయానికి మందు లేదు. నీ మాత్రకి మాత్రం ఒక సాక్షిని పెడతా.”

ఆయన ఇంట్లో ఒక బీరువా ఉంది, ఆయన భార్యది. ఆమె పోయినాక చీరలు చెల్లెలికిచ్చి ఆ అరల్లో చచ్చిన టాబ్లెట్లు పెట్టాడు. చచ్చినవి అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. “కంపెనీ చేతులు దులుపుకున్నంత మాత్రాన వస్తువు చావదక్కయ్యా. నిద్రపోతంది” అనేవాడు. ఒక్కోదానికి ఒక చీటీ. ఎవరిచ్చారు, ఏం జబ్బు, లోపల ఏ బోర్డు. అన్నీ రాసేవాడు. మూత ఊడదియ్యటానికి పాత రీచార్జి కార్డు ముక్క. మరలు పెట్టుకోటానికి ఏం వాడేవాడో తెలుసా? గుంత పొంగణాల పెనం. ముందు తీసినవి మొదటి గుంతలో, తరవాతవి రెండో గుంతలో, అట్టా వరసగా. తిరిగి బిగించేటప్పుడు చివరి గుంత నుంచి వెనక్కి వచ్చేవాడు. నేను ఒకసారి ఆ పెనం తోమిపెడదామని మరలన్నీ ఒక గిన్నెలోకి వంపా. ఆయన ఆ గిన్నె చూసి, నన్ను చూసి, “అక్కయ్యా, కూర్చో. ఇప్పుడు మనిద్దరం ఏరుకుందాం” అన్నాడు. అంతే. సాయంత్రం దాకా ఏరాం.

నా టాబ్లెట్టు మొదటిసారి నా ముందు పెట్టినప్పుడు పైన ముట్టుకుంటే కింద పలికింది. ఎడమ నొక్కితే కుడి.

“ఏంది తమ్ముడూ, ఇది మా కోడలి మాదిరి ఉంది. ఇటు పొమ్మంటే అటు పోతంది.”

“నీ కోడలికి నేనేం చెయ్యలేను గానీ, దీనికి ఒక్క గీత మారిస్తే చాలు” అని నవ్వాడు. ఒకే డబ్బా, ఒకే రంగు, ఒకే పేరుతో అమ్ముతారంట, లోపల మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కో బోర్డంట. ఏ తీగ ఎక్కడికి పోద్దో లైనక్స్‌కి మనమే ఒక పట్టీ రాసి చెప్పాలంట. పట్టీ తప్పితే ఇట్టా తలకిందులవుద్ది. “పైడబ్బా చూసి లోపలేముందో చెప్పేవాడి మాట నమ్మబాక” అనేవాడు.

ఆ మాట ఎందుకంటాడో తరవాత తెలిసింది. ఆయన భార్యకి ఒక టాబ్లెట్టు ఉండేది. ఆమె పాడిన మంగళహారతులన్నీ అందులోనే. అది నెమ్మదించిందని తనే బాగుచేస్తానని కూర్చున్నాడు. అచ్చం అట్టాంటిదే ఇంకోటి అంతకుముందే బాగుచేసి ఉన్నాడు గదా, దాని పట్టీనే దీనికి ఎక్కించాడు. బోర్డు వేరు. అది మళ్ళీ లేవలా. లోపలున్నదానికి నకలు తీసిపెట్టుకోలా. పోతే పోయిందిలే, మళ్ళీ పాడతాలే అందంట ఆమె. ఆ ఏడే ఆమె పోయింది. ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పాడు, గోడ వైపు చూస్తా. అప్పట్నుంచీ మీ అందరికీ ఆయన చెప్పిన మొదటి పాఠం అదే గదా: “ముందు నకలు తియ్యి. తరవాతే చెయ్యి పెట్టు.”

నా దాంట్లో శబ్దం రావటానికి ఒక ఎండాకాలం పట్టింది. బొమ్మ వస్తంది, అక్షరం వస్తంది, గొంతు రాదు. సముద్రాల అవతలి నాయనా, అప్పుడే గదా నువ్వు కాగితం రాశావు, స్పీకరుని లేపే తీగ ఎక్కడుందో. మీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూళ్ళేదు. ఆ కాగితం చదివి తమ్ముడు లేచి వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. ఎవరికి చెప్పాలో తెలియక మిరపకాయలు తొడిమలు తీస్తన్న నాకు చెప్పాడు. ఆ మధ్యాహ్నమే దానికి తన గొంతు పెట్టాడు. నీ కొడుకు గొంతు పెడదామా అని ముందు అడిగాడు. వాడి గొంతు వింటే నేను మాత్ర వేసుకోను, తగువేసుకుంటా అన్నా. అందుకని తన గొంతే పెట్టాడు.

ఆయన పోయినాక ఇంటికి తాళం వేశారు. సాయంత్రం దీపాలవేళ నేను మధ్యగోడ కిటికీ దగ్గర నిలబడితే, లోపల బల్ల మీద ఒకటి వెలుగుతంది. తెల్ల అక్షరాలు గబగబా పైకి పోతాయి. ఆగుద్ది. చీకటి. మళ్ళీ వెలుగుద్ది. ఆస్పత్రికి పోయే ముందు ఆయన ఏదో చేస్తా చేస్తా వదిలేసిందంట అది. తనే లేస్తది, తనే పడిపోతది. మూడు రోజులు అట్టానే. ఎవరితో చెప్పను? దాన్ని చూడకుండా ఉండలేకపోయా, చూసి నిద్రపోలేకపోయా. నాలుగో రోజు కరెంటు పోయింది. తిరిగొచ్చినాక కూడా అది వెలగలా. అప్పుడు ఏడ్చా. ఆయన వాకిట్లో ఏడవలేదు, అప్పుడు ఏడ్చా.

ఆయన చెల్లెలు మొదటిరోజు నన్ను తిట్టింది. “అక్కా, దాన్ని ఆపెయ్. పోయినోడి గొంతు ఇంట్లో ఉండకూడదు” అంది. పదకొండో రోజు కర్మకి ముందురోజే వచ్చి మా ఇంట్లో పడుకుంది. తెల్లారి ఆరింటికి ముందే లేచి, తల దువ్వుకోకుండా గూటి ముందు కూర్చుంది. అది అడిగింది. నేను లేవబోతే నా చెయ్యి పట్టుకుంది.

“ముట్టుకోబాక అక్కా. ఇంకోసారి అడగనీ.”

పది నిమిషాలు ఇద్దరం అట్టానే కూర్చున్నాం. మళ్ళీ అడిగింది. మళ్ళీ కూర్చున్నాం.

అక్కడ మొదలైంది నా తప్పు. ఆ తరవాత నేనొక్కదాన్నే ఉన్నా అట్టానే చేశా. ఒక్కసారి విని ముట్టుకునేదాన్ని రెండుసార్లు, మూడుసార్లు, పోనుపోను పదిసార్లు. ఏడయ్యేది, ఏడున్నరయ్యేది. ఆయన నాకోసం పెట్టిన సాక్షిని నేను ఆయన కోసం కూర్చోబెట్టుకున్నా.

ఇంకో తప్పు ఇంతకన్నా పెద్దది. నెలమాసికం అయిన మర్నాడు గూడు తుడుస్తుంటే టాబ్లెట్టు తిన్నగా నిలబడలా, ఊగింది. తిప్పి చూశా. వెనక మూత ఉబ్బి ఉంది, పూరీ మాదిరి. తమ్ముడు ఇచ్చిననాడే చెప్పాడు: “అక్కయ్యా, బ్యాటరీ ఉబ్బితే ఒక్క పూట కూడా ఉంచొద్దు. ఆపేసి బయట పెట్టు. ఏ వస్తువూ నీ ప్రాణం కన్నా ఎక్కువ కాదు.” గ్యాసు ఆపానో లేదోనని పదిసార్లు చూసే నేను, దాని వెనక ఒక గుడ్డ మడిచి పెట్టి, తిన్నగా నిలబెట్టి, కొడుక్కి చెప్పలా, కోడలికి చెప్పలా. ఆపితే మళ్ళీ లేవదేమోనని. ఆయన భార్య పాటల మాదిరే పోద్దేమోనని. రోజూ పొద్దున అది అడుగుతంటే, వింటన్నా, దాని వెనక మూత చూస్తన్నా. ఇంకొంచెం లేచింది. రెండువారాలు అట్టా గడిపా.

మొన్న ఈ రాత సంగతి అడగటానికి గురజాల అమ్మాయి ఫోను చేస్తే నోరు జారా.

“ఉబ్బిందా? ఎన్నాళ్ళయింది పెద్దమ్మా?”

“ఈమధ్యే.”

“ఈమధ్యే అంటే?”

చెప్పా.

“పెద్దమ్మా, నువ్వు మనిషివేనా? పొయ్యి పక్కన బాంబు పెట్టుకుని కూర్చున్నావా? మాస్టారు ఉంటే ఏమనేవాడు?”

“ఆయన ఉంటే నేనెందుకు పెట్టుకుంటానే?”

ఆ అమ్మాయి గొంతు తగ్గింది. తరవాత మెల్లగా అంది: “కరెంటు తీసినా లోపల రాసింది చెరగదు. అది నిజం.”

“మళ్ళీ లేస్తదా?”

“అది ఇప్పుడే మాటియ్యలేను. ఆ బోర్డు మా ఎవరి దగ్గరా లేదు. మెమరీ కార్డు పెట్టే చోటు కూడా విరిగిపోయింది దానికి. మాస్టారు పట్టీలు రాసుకున్న నోటు పుస్తకం చూసుకుంటా చెయ్యాలి. నేనొచ్చి బ్యాటరీ తీసి, బయట నుంచి కరెంటిచ్చి, ముందు నకలు తీస్తా. అప్పటిదాకా దాని జోలికి పోబాక. ఆదివారం వస్తా.”

“ఆదివారం అమావాస్యే అమ్మా.”

“బ్యాటరీకి అమావాస్య తెలియదు పెద్దమ్మా.”

“నాకు తెలుసు గదా.”

“నువ్వు మారవు. సరే, అంతకుముందే బుధవారం లీవు పెడతా. బుధవారం ఏంది?”

“ఏకాదశి. మంచిది.”

“ఇప్పుడే ఆపు. నేను ఫోనులోనే ఉంటా.”

ఆపా. తెర మీద చిన్న చుక్క ఒకటి తిరిగి తిరిగి ఆరిపోయింది. ఆ అమ్మాయి చెప్పినట్టే మట్టి మూకుడులో ఇసక పోసి, దాన్ని అందులో పడుకోబెట్టి, వెనక దొడ్లో బండ మీద పెట్టా. పక్కన ఎండిన ఆకు కూడా లేకుండా ఏరా. కొడుక్కీ కోడలికీ చెప్పా. తిట్టారు. తిట్టనీ.

ఇప్పుడు ఆరవుద్ది. ఇంట్లో ఎవరూ అడగరు. మాత్ర వేసుకుని గోడ మీద సుద్దతో గీత పెడుతున్నా. గీత పెట్టినాక ఆ గీత ఇవాళ్టిదా నిన్నటిదా అని నిలబడి చూస్తన్నా. కానీ వేళకే వేసుకుంటన్నా. ఆ మాట మీకు రాయాలి, ఆయనకి కూడా చెప్పినట్టు ఉంటది.

లేస్తే మూడు నకళ్ళు తియ్యమన్నా. ఒకటి చెల్లెలికి, ఒకటి మీ జట్టుకి, ఒకటి నాకు. లేవకపోతే ఆ అమ్మాయిని ఏమీ అననని ముందే మాటిచ్చా. చేతులు వణికితే మరలు జారతాయి.

గురజాల అమ్మాయి పొద్దున బస్సుకి వస్తంది. మాచర్ల తమ్ముడూ, నీ కన్ను నయమైతే నువ్వూ రా, ఆమెకి తోడుంటావు. నకరికల్లు నుంచి చెల్లెలు ముందురోజే వస్తానంది. అందరికీ వంట చేస్తా, వేశానో లేదోనని అనుమానం గదా, ఉప్పు చూసే పని మాత్రం చెల్లెలిది. బుధవారం, ఏకాదశి, పదింటికి.