లాభం, రెండు, మూడు

1944 చలికాలంలో నన్ను వరంగల్‌లోని ఒక మిషన్ దవాఖానలో కంటి వార్డుకు స్టాఫ్ నర్సుగా వేశారు. శుక్లాల ఆపరేషన్లు ఎక్కువగా ఆ కాలంలోనే చేసేవారు. మా దగ్గర గాయానికి కుట్లు వేసే పద్ధతి లేదు. అది దానంతట అదే అతుక్కోవాలి. అందుకని రెండు కళ్లకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, రోగిని వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లం. గట్టిగా దగ్గినా, తల విసిరినా గాయం విచ్చుకుని కన్ను పోవచ్చు. డాక్టరుగారి పని బల్ల మీద ముగిసేది. ఆ తర్వాత కన్ను నిలబెట్టేది నర్సే. ఈ మాట నేను గర్వంగానే చెబుతాను.

లింగయ్య సావుకారు బజారులో ధాన్యం వ్యాపారి. ఆయనకు ఒక కన్ను అంతకుముందే పోయింది. మిగిలిన కంటికే ఆపరేషన్ జరిగింది, చక్కగా జరిగింది. మర్నాడు మధ్యాహ్నం ఆయనకు భయం పట్టుకుంది. కళ్లకు కట్టు ఉన్నవాళ్లకు ఇది మామూలే. చీకట్లో ఊపిరి ఆడనట్టు, ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు అనిపిస్తుంది. మనసు నెమ్మదించడానికి డాక్టరుగారు రాసిన బ్రోమైడ్ మందు తాగించినా ఫలితం లేదు. చేతులు మాటిమాటికీ కట్టు మీదికి పోతున్నాయి.

"కట్టు ఇప్పు బిడ్డా. నాకు దమ్ము ఆడ్తలేదు."

వరండా కిటికీ అవతల నుంచి ఆయన భార్య అందుకుంది. "దుకాణంల పొద్దంత కదలకుంట కూసుంటడు. ఈడ గడియసేపు ఆగలేడు. జర సిస్టరమ్మ చెప్పినట్టు ఇనరాదు?"

నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని ప్రార్థన చేశాను. నాకు కంఠతా వచ్చిన బైబిల్ వాక్యం చెప్పాను. "నీ దేవునికి నా సంగతి నిమ్మళంగ చెప్పుకో, ముందుగాల కట్టు ఇప్పు" అన్నాడాయన. ఇక వేరే దారి తోచక, ఆయన ఊపిరి నెమ్మదించడానికి నేనే పైకి లెక్క పెట్టడం మొదలుపెట్టాను. "ఒకటి."

నా పట్టులో గింజుకుంటున్న ఆయన చేతులు టక్కున ఆగిపోయాయి.

"ఒకటి అంటరా? ఎవరు నేర్పిన్రమ్మా నీకు? మొదటి కుంచానికి లాభం అనాలె. గట్లయితేనే బర్కత్, ఇంట్ల ధాన్యం పెరుగుతది."

ధాన్యం కొలిచేవాళ్లు మొదటి కొలతను 'లాభం' అంటారని నాకూ తెలుసు. వార్డులో గుర్తుకు రాలేదు. ఆయన గొంతులో భయం పోయి విసుగు వచ్చింది. అది నేను గమనించాను.

"సరే తాతా, నువ్వే కొలువు. ఊపిరి తీస్తే కుంచం నిండినట్టు, విడిస్తే బస్తాలో పోసినట్టు. నోరు మెదపొద్దు, వేలు లేపు, నేను పలుకుతా" అన్నాను.

వేలు లేచింది. "లాభం" అన్నాను. మళ్లీ లేచింది. "రెండు." నేను తొందరపడితే ఆయన వేలు లేచేది కాదు, కుంచం ఇంకా నిండలేదన్నమాట. బస్తా నిండాక మళ్లీ లాభం నుంచి. కాసేపటికి ఊపిరి సమంగా వచ్చింది. చేతులు దుప్పటి మీద నిలిచాయి. కట్టు విప్పే దాకా, భయం వేసినప్పుడల్లా ఆయన వేలు లేచేది. డ్యూటీలో ఎవరుంటే వాళ్లు "లాభం" అనేవాళ్లు.

మిషన్ వార్డులో ఈ లాభాల గోల ఏమిటని మేట్రన్‌గారు అడిగారు. ఊపిరి దేవుడిచ్చింది, లెక్క సావుకారు బజారులో నేర్చుకున్నది, రెండూ కలిపి వాడుతున్నామని చెప్పాను. నా ప్రార్థనకు జవాబు సావుకారు కోపంలో వచ్చిందని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఆవిడ ఆ పద్ధతిని శిక్షణలో ఉన్న నర్సులకు నన్నే నేర్పమన్నారు.

కట్టు విప్పిన రోజు సావుకారు నా ముఖం కేసి చాలాసేపు చూశాడు.

"ఒకటి అన్నది నువ్వేనా?" అన్నాడు.

భయపడేవాడికి ధైర్యం చెప్పడం కన్నా, చీకట్లోనూ చేయగలిగిన పని ఒకటి ఇవ్వడం మేలు. అది అతనికి ముందే వచ్చిన పని అయి ఉండాలి. ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఏ రోగికైనా కళ్లకు కట్టు కట్టే ముందు నువ్వేం పని చేస్తావని అడిగేదాన్ని.