సర్టిఫికెట్ల ఆరుచ్చామి

ఆరుచ్చామి మేస్త్రీకి ఒకే ఒక జబ్బు. మనిషి కనబడితే సర్టిఫికెట్ ఉందా అని అడుగుతాడు.

సూది వేయబోయిన డాక్టరును అడిగాడు. కూతురి పెళ్ళికి వంటవాళ్ళు వస్తే వాళ్ళనూ అడిగి, ముహూర్తం దాకా పొయ్యి వెలగనివ్వలేదని చెప్పుకునేవారు. క్షవరం చేసే అతను విసిగిపోయి, తన కొడుకు మూడో తరగతి మార్కుల కాగితాన్ని అద్దం పక్కన అంటించాడు. మేస్త్రీ దాన్ని పూర్తిగా చదివి, లెక్కల్లో తక్కువొచ్చాయని బాధపడి, అప్పుడు తల వంచాడు.

కోయంబత్తూరులో గణపతి అనే పేట వైపు, నీటి పంపుల మోటార్లకు రాగి తీగ చుట్టే షెడ్డు మాది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాని అందులో చేరాను. తీగ పట్టుకోవడం నేర్పింది ఆయనే. చుట్లు లెక్కపెట్టేవాళ్ళను ఎవరూ పలకరించకూడదన్నది షెడ్డు నియమం. ఆయన మాత్రం తన లెక్క మధ్యలోనే పలకరించేవాడు.

"నలభై రెండు, నలభై మూడు, సర్టిఫికెట్ ఉందా అమ్మిణీ, నలభై నాలుగు."

ఆడపిల్లలందరూ ఆయనకు అమ్మిణీలే. ఆయన లెక్క తప్పేది కాదు. నాది తప్పేది. విప్పి మళ్ళీ మొదటి నుంచి చుట్టేదాన్ని.

అందరం మేస్త్రీ అన్నా, జీతాల పట్టీలో ఆయన హెల్పరే. ముప్పై ఏళ్ళుగా అంతే. ఐటీఐ చదివి వచ్చినవాళ్ళు మొదటి రోజు నుంచే తీగ చుట్టే విండరు జీతం తీసుకుంటూ, ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్ళు. ఇదంతా చూస్తూ కూడా ఆయన ప్రశ్న వెటకారమనే అనుకున్నాను.

ఒక వేసవిలో, అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు మళ్ళీ అడిగాడు. ఎప్పుడూ నోరు విప్పని దాన్ని, ఆ రోజే విప్పాను.

"మీకుందా మేస్త్రీ?"

షెడ్డంతా నవ్వింది. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "లేదమ్మిణీ. అందుకే అడుగుతున్నా" అన్నాడు.

ఆ తర్వాత నన్ను ఏమీ అడగలేదు. నా లెక్క ఒక్కసారీ తప్పలేదు. అదేమీ బాగుండలేదు.

ఐటీఐ చదవకపోయినా పని వచ్చినవాళ్ళు బయటి నుంచి ఆ పరీక్షకు కూర్చోవచ్చు. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నారని ఓనరు ఉత్తరమివ్వాలి. ప్యాసైతే జీతం పెంచాలి కనుక, మా ఓనరు ఏడాదికి ఒక్కరికే ఇచ్చేవాడు. ఆ ఏడు నాకిచ్చాడు. నా అదృష్టం అనుకున్నాను. మోటారు చుట్టి చూపించి ప్యాసయ్యాను, విండరునయ్యాను. సర్టిఫికెట్ చేతికిస్తే మేస్త్రీ రెండు వైపులా చూసి, మడతపడిన అంచు సరిచేసి, తిరిగిచ్చి తన తీగ దగ్గరికి వెళ్ళిపోయాడు. అసూయ అనుకున్నాను.

మరుసటి ఏడు ఆయన హెల్పరుగానే రిటైరయ్యాడు. అప్పుడు చెప్పింది, ఆఫీసులో టైపు చేసే సెల్వనాయకి అక్క. ఆ ఉత్తరం ముందు ఆయన పేరు మీదే తయారైందట. ఆరేళ్ళు ఓనరు చుట్టూ తిరిగి సాధించుకున్నాడట. నేను భోజనాల దగ్గర ఆ మాటన్న మర్నాడే వచ్చి పేరు మార్పించాడట.

"నాకు మిగిలింది ఒక్క ఏడాదమ్మా, ఆ పిల్లకైతే ముప్పై ఏళ్ళు పనికొస్తుంది అన్నాడే."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే నువ్వు వద్దంటావని."

నిజమే, అనేదాన్ని. అనకూడనిది మాత్రం అందరి ముందూ అనేశాను.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. దారంతా కూర్చుకున్న మాటలు గుమ్మంలోనే మరిచిపోయాను. ఆయన భార్య నన్ను చూడగానే గ్రైండరు చూపించింది. మోటారు కాలి మూడు వారాలైందట. ఊరి మోటార్లన్నీ బాగుచేసిన మనిషి దీన్ని ముట్టుకోనన్నాడట. పరీక్ష ప్యాసైన వాళ్ళే విప్పాలట.

"మూడు వారాలుగా ఇడ్లీ లేదమ్మా ఇంట్లో" అందామె.

నేల మీద కూర్చుని మోటారు విప్పాను. క్షమించమని అడగబోతుండగా ఆయన వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చుని, స్క్రూడ్రైవరు అందించాడు.

"తర్వాత ఏమిమ్మంటావు విండరమ్మా?"

"తీగ" అన్నాను మెల్లగా.

"హెల్పరుకు వినపడలేదు. విండర్లు గట్టిగా అడుగుతారు."

గట్టిగా అడిగాను. లోపల ఆమె అప్పుడే మినప్పప్పు నానబోస్తోంది.