మూసిన సముద్రం

ఇండొనేసియాలోని మలుకు దీవుల్లో ఆ ఊళ్ళో జనం పెరిగి, వాళ్ళు అమ్ముకు బతికే శంఖాలు తరిగిపోయాక అందరూ చర్చిలో ఒట్టు వేసుకుని సముద్రాన్ని మూశారు. కొబ్బరాకులు కట్టిన గుంజలు దాటి మూడేళ్ళు ఎవరూ మునగకూడదు. కాపలా దోర్కాస్‌ది. పస్తులున్నా ఆమె ఒక్క శంఖం ముట్టలేదు. గడువు ఇంకో నెల ఉందనగా, ఒకరోజు పొద్దున్నే తమ్ముడు యోనాస్ పడవ నిండా శంఖాలు కనిపించాయి.

“ఎంత పని చేశావురా!”

“నేను ఆగితే పొరుగు దీవివాళ్ళు ఆగుతారా అక్కా? ఆరుగురు పిల్లలకు నీ కొబ్బరాకులు వండిపెట్టనా?”

ఒట్టు తప్పినవాడి పేరు ఊరందరికీ చెప్పాలన్న కట్టుబాటు ప్రకారం వాడి పేరు చెప్పడానికి ఆమె ఊళ్ళోకి పరుగెత్తింది. అప్పటికే పడవను చూసిన జనం బుట్టలతో ఎదురొచ్చారు.

“తమ్ముడికి ముందే తలుపు తీశావటగా, కాపలా దొరసానీ! ఇంక మేమెందుకాగాలి?” అంది పక్కింటి మార్తా.

ఆమెను తోసుకుంటూ అందరూ నీళ్ళలోకి దిగారు. దోర్కాస్ చెప్పాల్సిన పేరు వినడానికి ఒడ్డున ఎవరూ మిగల్లేదు.