వెండెల్ బాబాయ్ పాట ఆపే చోటు

హల్మోష్ వెండెల్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. కారణం తెలియందే పాట పాడడు. అందులో వింతేముంది, మేమూ అంతే కదా అంటారేమో. ఆయన ఉద్యోగం సంగీత నాటకాల్లో పాటలు పాడటం. అదీ చిక్కు.

తిస్సా నది ఒడ్డున, మా సెగెద్ ఊళ్ళో నాటక కంపెనీలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని వెండెల్ బాబాయ్ అనే పిలిచేవాళ్ళు. బానపొట్ట, బట్టతల, చెవుల పక్కన రెండు తెల్లటి కుచ్చులు, తుప్పు పట్టిన తలుపు లాంటి గొంతు. రిహార్సల్లో వాయిద్యాలన్నీ అందుకుని, సరిగ్గా తన వంతు రాగానే చెయ్యెత్తేవాడు.

"ఒక్క నిమిషం బాబూ. వీడిప్పుడు ఎందుకు పాడుతున్నాడు?"

వీడంటే ఆయన వేస్తున్న పాత్ర. రాజైనా, రాజుగారి వంటవాడైనా ఆయన నోట్లో వీడే.

"పాట వచ్చింది కాబట్టి," అనేవాడు ఆర్కెస్ట్రా నడిపించే బార్నబాష్, పళ్ళు నూరుతూ.

"పాట వచ్చిందని నీకు తెలుసు, నీ ముందు పుస్తకం ఉంది. వీడి ముందు లేదు కదయ్యా. ఇప్పటిదాకా మనిషిలా మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి రాగం ఎందుకు తీశాడు? ఇదే ముక్క మామూలుగా చెబితే అవతలివాడికి అర్థం కాదా?"

వయొలిన్ల వాళ్ళు వయొలిన్లు ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు. బాకా ఊదే ఆయన సంచిలోంచి గసగసాల రొట్టె తీసేవాడు. ఈ గొడవ ఎప్పటికి తేలుతుందో వాళ్ళకి అనుభవమే.

బార్నబాష్‌కి మాత్రం అలవాటు కాలేదు. రెండేళ్ళ కిందట బుడాపెస్ట్ నుంచి వచ్చినవాడు, ముక్కు మీద కోపం. వాయిద్యాలకి సైగ చేసే చేతిలోని సన్నటి పుల్లని విరిచేసేవాడు. ఆ పుల్లలు చెక్కే వడ్రంగి ఓసారి దారిలో ఆపి, "వెండెల్ బాబాయ్ ఆరోగ్యం బాగుందా అయ్యా? ఈ మధ్య కొత్త పుల్లలు కావాలని మీ దగ్గర్నుంచి కబురు లేదు," అని అడిగాడట.

ఈ పిచ్చి నాటకశాల గుమ్మం దగ్గర ఆగి ఉంటే బాగానే ఉండేది. ఆగలేదు. ట్రామ్‌లో కండక్టర్ స్టాపుల పేర్లు సాగదీసి చెబుతుంటే, "మామూలుగా చెబితే మేం దిగమా నాయనా?" అని అడిగాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక పాస్టర్‌గారి దగ్గరికెళ్ళి, "అయ్యా, ఇది మాటల్లో చెబితే దేవుడికి వినపడదా?" అన్నాడు.

"దేవుడికి వినపడుతుంది వెండెల్. వెనక బెంచీలో నిద్రపోయే నీకే వినపడదు," అన్నారు పాస్టర్‌గారు.

అది సరైన కారణమేనని బాబాయ్ ఒప్పుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం నుంచి చర్చిలో అందరికంటే గట్టిగా పాడింది ఆయనే. అందరూ పాస్టర్‌గారిని తిట్టుకున్నారు.

ఒక్కటి మాత్రం బార్నబాష్ కూడా కాదనలేకపోయేవాడు. కారణం దొరికాక బాబాయ్ పాడితే అది పాటలా ఉండేది కాదు. ఓ మనిషి మన ఎదుట నిలబడి, చెప్పుకోలేక చెప్పుకుంటున్నట్టు ఉండేది. ఓ నాటకంలో కన్నెపిల్లని ఏడిపించే సుంకం అధికారి వేషం వేశాడు. మర్నాడు బజారుకెళితే మిరప్పొడి అమ్మే ఆవిడ సంచి వెనక్కి లాక్కుంది.

"నీకు అమ్మను పో. నిన్న ఆ పిల్ల ఉసురు పోసుకున్నావ్."

"అది నాటకం అక్కయ్యా."

"నాటకమో, మరోటో. అంత కడుపులో లేకపోతే అలా పాడలేవు."

నెల రోజులు బాబాయ్ ఇంట్లో చప్పిడి కూరలే. ఆయన మాత్రం ఊరంతా తిరిగి ఈ సంగతి గర్వంగా చెప్పుకున్నాడు.

ఇక కంపెనీ హీరో సిలార్ద్. వెన్నలాంటి గొంతు, అద్దంలాంటి బూట్లు. పాట మొదలైతే పక్కనున్న కథానాయికని వదిలేసి బాల్కనీకేసి తిరిగేవాడు. ఓసారి బాబాయ్ అతన్ని కూడా పట్టుకున్నాడు.

"ఆ అమ్మాయిని ప్రేమిస్తున్నానని బాల్కనీకి ఎందుకు చెబుతున్నాడయ్యా వీడు?"

"ఈ పక్క నుంచి నా ముఖం బాగుంటుంది బాబాయ్."

"బాగుంటుంది. కానీ ఆ పిల్లకి నీ చెవే కనపడుతోంది. చెవిని చూసి ఎవరు పెళ్ళాడతారు?"

ఆ ఏడు చలికాలంలో కంపెనీ కొత్త నాటకం ఎత్తుకుంది. నది ఒడ్డున పూటకూళ్ళ ఇల్లు నడిపే ఓ వితంతువు, ఆవిడ మీద మనసుపడ్డ పడవవాడు. ఆవిడ అవుననదు, కాదనదు. విసిగిపోయి అతను ఊరు విడిచి బయల్దేరతాడు. అప్పుడు ఆవిడ 'వెళ్ళకు' అని పాడాలి. నాటకానికంతా ప్రాణం ఆ పాటే. దానికి ముందు, అక్కడే కూర్చున్న ముసలి సోడాబండివాడు ఓ చరణం పాడతాడు. ఆ సోడాబండివాడే వెండెల్ బాబాయ్.

పడవవాడి వేషం సిలార్ద్‌ది, వితంతువు వేషం ఇల్కాది. పదిహేనేళ్ళుగా ఆ కంపెనీకి ఆవిడే పెద్ద గాయని. శరదృతువులో గొంతుకి ఆపరేషన్ అయింది. అయ్యాక వేస్తున్న మొదటి వేషం ఇదే. మొదటి రిహార్సల్లో పాట మెల్లగా పైకెక్కి, ఆ చిట్టచివరి పై స్వరం దగ్గరకి రాగానే గొంతు జీరపోయి తెగిపోయింది. ఇల్కా మెడచుట్టూ శాలువా బిగించుకుని కిందకి చూస్తూ నిలబడింది.

మేనేజర్ బార్నబాష్‌ని గదిలోకి పిలిచాడు. "ఇంకోసారి అలా జరిగితే చెప్పండి. బుడాపెస్ట్ నుంచి వేరే ఆవిడని పిలిపిస్తాను. ఇల్కాకి బట్టల గదిలో ఏదైనా పని చూద్దాం."

బార్నబాష్‌కి ఇల్కా అంటే గౌరవమే. కానీ ప్రదర్శన చెడితే తన పేరూ చెడుతుంది. మర్నాటి నుంచి ఆ పాటనే గట్టిగా పట్టుకుందామనుకున్నాడు. పట్టుకోనిస్తేగా. బాబాయ్ చరణం అయిపోవచ్చేది, ఇల్కా పాట ఎత్తుకోవాల్సిన క్షణం వచ్చేది, చెయ్యి లేచేది.

"ఒక్క నిమిషం బాబూ. ఈ సోడా వాడు ఎందుకు పాడినట్టు?"

ఓ రోజు సోడా అమ్ముడుపోలేదని పాడాడేమో అన్నాడు. ఇంకో రోజు, గుర్రం కుంటుతోందేమో అన్నాడు. గుర్రం ఏ కాలు కుంటుతుందన్న దాని మీద డప్పులవాళ్ళు రెండు జట్లుగా విడిపోయి కొట్లాడుకున్నారు. ఆ సందులో ఇల్కా వెళ్ళి సోడాబండి అంచు మీద కూర్చుని వేడి టీ తాగేది. బాబాయ్ పక్కన చేరేవాడు.

"నీ సంగతేంటమ్మా? ఈవిడెందుకు పాడుతోంది?"

"తెలీదు బాబాయ్. పై స్వరం దగ్గరికి వెళ్ళేసరికి ఈవిడెవరో గుర్తుండదు. నా గొంతొక్కటే గుర్తుంటుంది."

"అయితే ఇవాళ అక్కడిదాకా వెళ్ళకు. ఆ పడవవాడికేసి చూస్తూ ఉండు, చాలు."

ఈ మాటలు బార్నబాష్ చెవిన పడేవి. ఇద్దరూ ఇద్దరే అనుకుని ఓ పుల్ల విరిచేవాడు. వారాలు గడిచాయి. ఆ పాట చివరిదాకా ఎవరూ వినలేదు. వినలేదు కాబట్టి బాగాలేదని కూడా ఎవరూ అనలేకపోయారు.

చివరి రిహార్సల్‌కి మేనేజర్ స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. "ఇవాళ పాట పూర్తిగా వింటాను. తర్వాత నిర్ణయం."

బాబాయ్ చరణం అయింది. చెయ్యి లేచింది.

"మీరు చెప్పండి మేనేజర్‌గారూ. వీడు ఎందుకు పాడాడంటారు?"

"సరదాకి పాడాడు. కానివ్వండి."

"సరదాకి ఈల వేస్తారు కదండీ. మీరు సరదాగా ఉంటే పాడతారా?"

"ఎందుకు పాడను?"

"ఎప్పుడు?"

మేనేజర్ కాస్త తటపటాయించాడు. "గడ్డం గీసుకునేటప్పుడు."

"అద్దం ముందు. ఒంటరిగా. ఎవరూ వినరన్న ధైర్యంతో. చూశారా, అదీ కారణమంటే. ఏదీ, ఆ పాట ఓసారి వినిపించండి, వీడికి పనికొస్తుంది."

కాసేపట్లో మేనేజర్ స్టేజీ మీద ఉన్నాడు. చేతిలో కత్తి ఉన్నట్టు చెంప మీద వేలు రాస్తూ పాడుతున్నాడు. నిలువెత్తు హార్ప్ దగ్గరున్న ఆవిడ తీగలు మీటుతూ తోడు కలిపింది. రెండో చరణానికి వయొలిన్లూ కలిశాయి. మూడో చరణంలో ఉండగా పనివాళ్ళు వచ్చి, సాయంత్రం ఆట సామాను సర్దాలి, స్టేజీ ఖాళీ చెయ్యమన్నారు. మేనేజర్ చెమట తుడుచుకుంటూ దిగాడు. "కళంటే ఏమిటో ఆ ముసలాయనకి తెలుసయ్యా," అంటూ వెళ్ళిపోయాడు. వచ్చిన పని ఆయనకి గుర్తే రాలేదు.

బార్నబాష్‌కి ఒళ్ళు మండిపోయింది. "బాబాయ్, పాడినందుకు నీకు జీతమిస్తున్నారు. ఆ కారణం చాలదా?"

"అది నా కారణం బాబూ. వీడికి నేనెవరో కూడా తెలీదు."

మొదటి ఆట రోజు హాలు కిటకిటలాడింది. సిలార్ద్ వెన్నలా పాడాడు, బాల్కనీ మురిసింది. రెండో అంకంలో బాబాయ్ చరణం పాడేశాడు. బార్నబాష్ ఇల్కాకి సైగ చేశాడు.

ఇల్కా పాట ఎత్తుకోలేదు. స్టేజీ మధ్యలో నిలబడి ఉంది, పెదవులు కదల్లేదు. ఎత్తుకునే ముక్కని బార్నబాష్ మళ్ళీ వాయింపించాడు. అయినా ఇల్కా కదల్లేదు. ఎదురుగా, స్టేజీ అంచున ఉన్న గూట్లోంచి, మర్చిపోయినవాళ్ళకి మాటలందించే ప్రాంప్టర్ తెర్కా పాట మొదటి మాట అందించింది. మళ్ళీ అందించింది. ఇల్కాకి వినపడుతున్నట్టు లేదు.

అప్పుడు సోడాబండి పక్కనుంచి, ఏ పుస్తకంలోనూ లేని మాటొకటి వచ్చింది.

"అలా నిలబడ్డావేమమ్మా? వెళ్ళొద్దని చెప్పు వాడికి."

ఇల్కా తలతిప్పింది. ఏప్రన్ కట్టుకుని సోడా సీసా తుడుస్తున్నాడు బాబాయ్. ఆవిడ ఆ వితంతువులాగే మెల్లగా అంది, "చెప్పాను మావయ్యా. వినలేదు."

"మళ్ళీ చెప్పు."

"ఇంక మాటలు లేవు నా దగ్గర."

"మాటలు లేకపోతే పోనీ. వేరే ఏముంది?"

ఇల్కా పడవవాడికేసి చూసింది. 'వెళ్ళకు' అంది. అది మాటో పాటో బార్నబాష్‌కి తెలీలేదు. వయొలిన్లు ఆ గొంతు కిందకి జారి ఆవిడ్ని ఎత్తుకున్నాయి. పాట మెట్టుమెట్టుగా పైకెక్కింది. చిట్టచివరి స్వరం దగ్గర ఆ పాత నునుపు లేదు, కాస్త జీరగా, కాస్త గరుగ్గా ఉంది. కానీ తెగలేదు. పోతున్న మనిషిని చొక్కా పట్టుకుని ఆపినట్టుంది. బాల్కనీకేసి తిరిగి ఉన్న సిలార్ద్ గిరుక్కున వెనక్కి తిరిగి, నోరు తెరిచి ఆవిడనే చూస్తూ ఉండిపోయాడు. తన ముఖం ఏ పక్క నుంచి బాగుంటుందో ఆ పూట అతనికి గుర్తు లేదు.

పాట ఆగింది. తర్వాత హాలు కూలిపోతుందేమో అన్నట్టు చప్పట్లు. మా ఊళ్ళో వన్స్‌మోర్ అనరు, 'ఇందాక ఎలా ఉంది' అని అరుస్తారు, మళ్ళీ పాడి చూపించమని. పై అంతస్తు నుంచి కింద దాకా అదే కేక. చప్పట్లన్నీ కలిసి ఒకే తాళంలో పడ్డాయి. అందరికంటే ముందు లేచి నిలబడింది మేనేజరే.

ఆ హోరులో తెర్కా గూట్లోంచి తల బయటపెట్టి బార్నబాష్‌తో అంది, "ఇన్ని వారాలు ఆయన ఎప్పుడెప్పుడు ఆపాడో చూశావా? ఇల్కా గుటక మింగినప్పుడల్లా. నాకు ఇక్కణ్ణుంచి ఆవిడ గొంతు కనపడుతుంది, ఆయన చెయ్యి కనపడుతుంది. నీకు పుస్తకమే కనపడుతుంది."

బార్నబాష్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఈ ఊళ్ళో తన మొదటి ఉదయం, మొదటి రిహార్సల్ గుర్తొచ్చాయి. చెమట పట్టిన వేళ్ళతో రెండు పేజీలు కలిపి తిప్పేశాడు. వాయిద్యాలు ఒక దారి, తను ఒక దారి. ఇంకో క్షణం ఆగితే అందరి ముందూ నవ్వులపాలయ్యేవాడు. సరిగ్గా అప్పుడే ఎవరో బట్టతల ముసలాయన చెయ్యెత్తి, వీడెందుకు పాడుతున్నాడని అడిగాడు. ఆ గొడవలో పేజీ వెతుక్కున్నాడు. ఆ సాయంత్రమే ఆ ముసలాయన మీద మేనేజర్‌కి ఫిర్యాదు కూడా చేశాడు.

అతను పుల్ల పైకెత్తాడు. ఇల్కా మళ్ళీ పాడింది. ఈసారి నవ్వుతూ.

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం కంపెనీ అంతా నది ఒడ్డున చేపల పులుసుకి చేరింది. ఇల్కా చుట్టూ జనం మూగి ఉన్నారు. బార్నబాష్ తన గిన్నె తీసుకెళ్ళి బాబాయ్ పక్కన కూర్చున్నాడు.

"నేనొచ్చిన మొదటి రోజు బాబాయ్. నేను పేజీలు తప్పు తిప్పానని చూశావు కదూ?"

"నాకు దూరం ఆనదయ్యా. ఆ రోజు నా మాటలు నేను మర్చిపోయాను. సిగ్గేసి ఏదో అడిగేశాను."

తెర్కా ఎదురుగా కూర్చుని ముల్లు తీసుకుంటోంది. తలెత్తకుండానే అంది, "ఇన్నేళ్ళుగా ఆ గూట్లో కూర్చుంటున్నాను. అందరికీ మాట అందించాను. ఈయనకి ఒక్కటంటే ఒక్కటి అందించాల్సి రాలేదు."

వెండెల్ బాబాయ్ ముఖం, బట్టతల, చెవులు అన్నీ ఎర్రబడ్డాయి.

"పులుసులో కారం ఎక్కువైంది," అన్నాడు.

మిరప్పొడికి పేరుపడ్డ సెగెద్‌లో పుట్టి పెరిగినవాడికి కారం ఎక్కువవడం అక్కడెవరూ వినలేదు. బార్నబాష్ గరిటె తీసుకుని, కుండలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద చేప ముక్క వెతికి ఆయన గిన్నెలో వేశాడు.