చూపుడువేలు నేర్చిన అల్లిక

1987 నవంబరు 22, ఆదివారం. తెనాలి, మా ఇల్లు. ఉన్నవారు: బాపట్ల నుంచి అక్కయ్య, రేపల్లె నుంచి టీచరుగారు, మా ఆవిడ, నేను.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. దాన్ని తీయవలసిన పని మొన్న పడింది. పక్క వాటాలో ఉండే అమ్మాయి ఒళ్లో ఊలు ఉండ, చేతిలో ఫోను పెట్టుకుని మా వరండాలోకి వచ్చింది. "తాతగారూ, ఈ ఫోన్లో ఒకావిడేమో ఊలు ఎడమచేత్తో పట్టుకోమంటుంది, ఇంకొకావిడ కుడిచేత్తో పట్టుకోమంటుంది. ఎవరి మాట వినాలండి?" అని అడిగింది. అల్లిక గురించి నన్నెందుకు అడగడమంటే, అంతకు ముందే మా ఆవిడ వంటింట్లోంచి, "ఆయన్నే అడుగు, మూడు రకాలూ వచ్చు" అని చెప్పి పంపింది. నిజమే, వచ్చు. సరదాకి మాత్రం నేర్చుకోలేదు.

ఆ ఏడాది వానల్లో కొలకలూరు వెళ్లి తిరిగి వస్తూ బస్సు దిగబోతుంటే, వెనకాల తలుపు నా కుడిచేతి మీద పడింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి ఎముక చక్కగా అతుక్కుంది గాని చూపుడువేలు మాట వినడం మానేసింది. మిగతా వేళ్లతో కలిసి వంగేది, కలిసి లేచేది. ఒంటరిగా కదలమంటే మాత్రం, బడికి వెళ్లనని మొరాయించే పిల్లాడిలా ఉన్నచోటే ఉండేది. ఇంకెవరికైనా అది పెద్ద కష్టం కాకపోవచ్చు. అన్నం కలుపుకోవచ్చు, సంచి మోసుకోవచ్చు. నేను టైపిస్టుని. మిషను మీద కుడి చూపుడువేలి కింద ఆరు అక్షరాలుంటాయి, అవి లేకుండా ఒక్క వాక్యం నడవదు. మా సూపరింటెండెంటు గారు ఇంటికొచ్చి పరామర్శించి, వెళ్తూ వెళ్తూ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, "కంగారు పడకండి. సెలవు అయ్యేలోగా చెయ్యి రాకపోతే రికార్డు గదిలో వేస్తాను. నీడపట్టున ఉండొచ్చు" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ మిషను ముందు కూర్చోవడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. పాత కట్టల మధ్య దుమ్ము దులుపుకుంటూ, గోడ అవతల నా మిషను మీద ఇంకొకరి చప్పుడు వినడం నా వల్ల కాదనుకున్నాను.

డాక్టరుగారు రబ్బరు బంతి పిసకమన్నారు. పిసికితే పిడికిలి గట్టిపడింది, వేలు అలాగే ఉంది. అప్పుడు నన్ను చూడ్డానికి బాపట్ల నుంచి వచ్చిన మా అక్కయ్య, "ఆ బంతి అవతల పారెయ్యి. సూదులు పట్టుకో. పది వేళ్లకీ పని తగులుతుంది" అంది. బావగారికి ఉత్తరాదిలో ఉద్యోగమైనప్పుడు అక్కడి ఇరుగు పొరుగు ఆడవాళ్ల దగ్గర నేర్చుకుందట. బాపట్లకు తిరిగొచ్చాక ఆ విద్యకు గిరాకీ లేక ఆవిడకు చేతులు దురదగా ఉన్నాయేమో, మరుసటి వారమే నన్ను బాపట్ల రప్పించుకుంది. ఒక స్వెట్టరుకు సరిపడా ఊలు నేనే కొనుక్కుని వెళ్లాను, బచ్చలిపండు రంగుది. అక్కయ్య పద్ధతిలో ఊలు కుడిచేతిలో ఉంటుంది. ఎడమ సూది మీది కుట్టులోకి కుడి సూది గుచ్చి, ఊలును బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య పట్టుకుని, సూది చుట్టూ తిప్పి, లాగాలి. చెయ్యంతా లేచి పడుతుంది. "ఒరేయ్, అది కలం కాదురా, అలా పట్టుకోకు" అనేది. "ఎలా పట్టుకోమంటావు?" అంటే, "నా మొహం చూడకు, నా చేతులు చూడు" అనేది. పెరట్లో ఉక్కపోత, అరచేతుల్లో చెమట, ఊలు జిగురులా వేళ్లకు అంటుకునేది. నేను బిగించి లాగేవాణ్ని. స్వెట్టరు వీపు భాగం అలా నెల తిరిగేసరికి అట్టలాగా తయారైంది.

మగవాడు వీధి అరుగు మీద కూర్చుని అల్లుతుంటే ఊరు ఊరుకోదు. నేను తెనాలి తిరిగొచ్చిన మూడోనాడే ఎదురింటాయన గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "ఏంటండి, ఇంట్లో ఏమైనా విశేషమా?" అని అడిగాడు. మా ఆవిడకు అప్పటికి నలభై దాటాయి. లోపలి నుంచి విని, "విశేషం ఆయనకేనండి, నాకు కాదు" అంది. ఆయన మళ్లీ అడగలేదు.

రేపల్లె మా అత్తవారి ఊరు. అక్కడ మా ఆవిడకు చదువు చెప్పిన టీచరుగారు ఉండేవారు. లూథరన్ చర్చి పక్క వీధిలో ఇల్లు, రిటైరై చాలాకాలమైంది. ఆవిడ చిన్నప్పుడు హాస్టల్లో దొరసానుల దగ్గర అల్లిక నేర్చుకున్నారు. శనివారం పాసింజరెక్కి మేమిద్దరం వెళ్లి వీపు భాగం చూపించాం. ఆవిడ దాన్ని వెలుతురుకేసి పట్టుకుని, "ఎవరు నేర్పారు బాబూ, చేపల వల అల్లేవాళ్లా?" అన్నారు. ఆవిడ పద్ధతిలో ఊలు ఎడమ చూపుడువేలి మీద తీగలాగా నిలబడుతుంది. కుడి సూది కొన వెళ్లి దాన్ని తగులుకుని వస్తుంది, అంతే. తిప్పడం లేదు, లాగడం లేదు. చేతులు ఒళ్లోంచి కదలవు. ఆవిడ కిటికీలోంచి కూరగాయల బండి వాడితో బేరమాడుతూ కూడా అల్లేవారు. రెండు మూడు శనివారాల్లో నాకు పట్టుబడింది. ముందు భాగం పరుగులాగా సాగింది. మా ఆవిడ సంతోషించి, "మీ చెయ్యి వచ్చేసిందండీ" అంది. నేనూ అలాగే అనుకుని, అలవాటు కొద్దీ ఆ మాట తారీఖుతో సహా రాసుకున్నాను.

అనుమానం వచ్చింది ఒక అట్టముక్క వల్ల. మిషను మీది అక్షరాలు దాని మీద గీసుకుని, రోజూ వేళ్లు ఆడించేవాణ్ని. అల్లిక ఇంత జోరుగా సాగుతున్నా, అట్ట మీద ఆ వేలు ముందెలా ఉందో అలాగే ఉంది. మర్నాడు అల్లుతూ ఊలును కాకుండా వేళ్లను చూశాను. కుడి చూపుడువేలు సూది మీద హాయిగా పడుకుని ఉంది. పనంతా ఎడమచెయ్యి చేస్తోంది. అయితే అక్కయ్య పద్ధతే మేలనుకుని మళ్లీ అది మొదలుపెట్టి చూశాను. అందులో మణికట్టు తిరుగుతోంది, మోచెయ్యి లేస్తోంది, నాలుగు వేళ్లూ గుంపుగా కదులుతున్నాయి. గుంపులో అది మొదట్నుంచీ కదులుతూనే ఉంది. రెండు ఊళ్లు తిరిగి, రెండు విద్యలు నేర్చి, ఆ ఒక్క వేలికే పని తప్పించి పెట్టాను. సెలవు ఇంకో రెండు వారాలే ఉంది.

ఆ శనివారం రేపల్లె వెళ్లి ఉన్నమాట చెప్పేశాను. టీచరుగారు నొచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుని, "మాది అల్లడానికి మంచి పద్ధతి నాయనా. నీకు కావలసింది అల్లడం కాదు కదా" అన్నారు. కాసేపు ఆలోచించి, నా ఎడమ వేలి మీది ఊలు తీసి కుడి చూపుడువేలికి ఒక చుట్టు చుట్టారు. "సూది వదలకు. చెయ్యి లేపకు. ఆ వేలొక్కటే ముందుకు వచ్చి, ఊలు సూది మీద వేసి, వెనక్కి పోవాలి. మా హాస్టల్లో ఒకమ్మాయి ఇలా అల్లేది. ఇది తప్పని మేం ఏడిపించేవాళ్లం."

స్వెట్టరు చేతులు రెండూ, ముందు నేర్చిన పద్ధతుల్లో ఏదీ కాని ఈ మూడో రకంలోనే అల్లాను. మొదటిరోజు వేలు వణికింది. ఒక వరస అల్లేసరికి చొక్కా తడిసిపోయింది. పొద్దున కాఫీకి ముందు, మధ్యాహ్నం భోజనాల తర్వాత, దీపాలు పెట్టాక, మళ్లీ మళ్లీ కూర్చున్నాను. నొప్పి పుడితే వేణ్నీళ్లలో ముంచేవాణ్ని, ఆరగానే సూది పట్టేవాణ్ని. మా ఆవిడ చూడలేక ఒకసారి, "రికార్డు గదైతే ఏంటండీ, అదీ ఉద్యోగమేగా" అంది.  అప్పటికి వరస సగంలో ఉన్నాను, అది పూర్తిచేసి ఇంకోటి ఎత్తుకున్నాను. నాలుగైదు రోజులకు వేలు తనంతట తాను అంగుళమంత లేచింది. ఎవరికీ చెప్పకుండా మళ్లీ లేపి చూసుకున్నాను.

స్వెట్టరు కలిపి కుట్టడానికి, నా సెలవు ఆఖరి రోజైన ఆ డైరీ ఆదివారం, అందరూ మా ఇంట్లో చేరారు. ముక్కలు చాప మీద పరిచాం. బాపట్ల వీపు బిగువుగా కురచగా ఉంది, రేపల్లె ముందు భాగం వదులుగా నాలుగు వేళ్లు పొడుగ్గా ఉంది. చేతులు మొదట్లో వంకర, పోనుపోను తిన్నన.

"ముందు భాగం జారిపోయిందండి" అంది అక్కయ్య.

"వీపు ముడుచుకుపోయిందమ్మా" అన్నారు టీచరుగారు.

"కుడిచేత్తో చేసే పని కుడిచేత్తోనే చెయ్యాలండి."

"చేపలు పడితే నాకూ పంపించమ్మా."

అక్కయ్య ఉక్రోషంగా చూసి, ఆపుకోలేక నవ్వేసింది. ఇద్దరూ చెరో పక్కా కూర్చుని ఒకరు సాగదీస్తూ ఒకరు ముడుస్తూ ఎలాగో కలిపారు. తొడుక్కుంటే వెనక నడుము కనిపించింది. మా ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచరుగారు మాత్రం స్వెట్టరును చూడలేదు. నా చెయ్యి పట్టుకుని, చూపుడువేలు ఒక్కటే లేపమన్నారు. లేపాను. దించమన్నారు. దించాను. "రేపు ఇది చాలు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాను. సూపరింటెండెంటు గారు పాత ఫైల్లోంచి ఒక పేజీ తీసి మిషను పక్కన పెట్టి, నా వెనకే నిలబడ్డారు. మొదటి వరసలో ఒక అక్షరం మీద వేలు ఆగింది. ఊపిరి తీసుకుని మళ్లీ వేశాను, పడింది. ఎప్పుడూ గలగలా సాగే మిషను ఆ రోజు గోడగడియారంలా ఒక్కొక్క దెబ్బే కొట్టింది. పేజీ పూర్తయ్యాక ఆయన కాగితం లాగి, కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చదివారు.

"నిదానంగా ఉంది."

"అవునండి."

"తప్పులు లేవు. సరే, కూర్చోండి."

"కూర్చునే ఉన్నానండి" అన్నాను. ఆయన నవ్వి ఇంకో పేజీ ఇచ్చారు.

అందుకే మొన్న ఆ అమ్మాయిని, ఎవరి మాట వినాలో చెప్పే ముందు, దేనికి అల్లుతున్నావని అడిగాను. నా పాత వేగం మళ్లీ ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. ఏదైనా పోయిన రోజు అందరికీ గుర్తుంటుంది. తిరిగి రావడానికి అలాంటి రోజంటూ ఉండదు, ఎప్పుడో చూసుకునేసరికి అది వచ్చేసి చాలాకాలమై ఉంటుంది.